మూడు చోట్ల ఉన్న ఒక అంకె

అది 1986. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. అంటే కొలిచే పరికరాలన్నీ నా నెత్తిన ఉండేవి. వేడి ఎంత, బరువు ఎంత అని చూపించే ముల్లు ఏది అబద్ధమాడినా తిట్లు మాత్రం నాకే. మాది నరసరావుపేట. మాటలు పడటం, తిరిగి అనటం రెండూ చిన్నప్పటి నుంచే అలవాటు కాబట్టి ఆ తిట్లు పెద్దగా తగిలేవి కావు.

ఆ ఏడాదే మాకు మైక్రోప్రాసెసర్ కంట్రోలర్ వచ్చింది. సున్నపురాయినీ మట్టినీ వేర్వేరు బెల్టుల మీదే తూచి, మనం చెప్పిన పాళ్ళలో మిల్లులోకి పంపే పెట్టె అది. దానికి ప్రాణమంతా కరెక్షన్ ఫ్యాక్టర్ అనే అంకెలో ఉంటుంది. సున్నపురాయి బెల్టు కింది తూనిక చెప్పిన బరువుని ఆ అంకెతో గుణిస్తేనే అసలు బరువు తెలుస్తుంది. ఆ అంకె ఉండే చోట్లు మూడు. తయారుచేసినవాళ్ళు చెరగకుండా రాసి పంపిన చిప్పులో ఒకటి. మేం సరిచూసుకుని, బ్యాటరీ ఆధారంగా నిలిచే మెమరీలో పెట్టుకున్నది రెండోది. మూడోది ప్యానెల్ మీద చిన్న గాజు తలుపు వెనక, వేలితో తిప్పే అంకెల చక్రాలు. మెమరీ సరిగా ఉన్నంతకాలం చక్రాలతో పనిలేదు కనుక వాటిని సున్నాల మీదే వదిలేసేవాళ్ళం.

దసరాకి అన్నీ ఆపి, కరెంటు తీసి, ఆయుధపూజ చేసుకుని మళ్ళీ నడిపాం. అప్పటి నుంచీ ల్యాబులో ఒకటే గోల. మిల్లు నుంచి వచ్చే రాతిపొడిలో సున్నం తగ్గుతోంది. సున్నం తగ్గితే సిమెంటు గట్టిపడదు.

వర్క్స్ మేనేజరుగారికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆ కోపం ప్యానెల్ ఆపరేటరు కోటయ్య మీద పడింది. గురజాల వైపు మనిషి, తండ్రి రాతి గనిలో కూలి. అప్పటికి ఇంకా టెంపరరీ. పండగ వెళ్ళగానే పర్మినెంటు ఆర్డరు ఇస్తామన్నారు. పాళ్ళు తప్పుగా కొట్టి, శాంపిల్ తీసే వేళకి గుట్టుగా సరిచేస్తున్నాడని మేనేజరుగారు షిఫ్టు వాళ్ళందరి ముందూ తేల్చేశారు. సాయంత్రానికల్లా గేటు బయటికి పంపమన్నారు.

కోటయ్య నా దగ్గరికి వచ్చాడు. బతిమాలలేదు. "నేను కొట్టిన పాళ్ళు అట్టాగే ఉన్నయి సార్. నేను చేసిన తప్పేందో చెప్పి పంపండి, పోతా" అన్నాడు.

సాయంత్రం దాకా గడువు అడిగి పెట్టె ముందు కూర్చున్నాను. మెమరీలో మా అంకె చెక్కుచెదరలేదు. చిప్పులోదీ ఎప్పటిలాగే ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయంటే ఇక తప్పు మనిషిదేనా అని నాకూ అనుమానం వచ్చింది.

అప్పుడే ల్యాబు కెమిస్టు అనసూయగారు వచ్చారు. ఆవిడకు మాట తక్కువ, మొహమాటం అసలే లేదు. కోటయ్య మీద రాసిన రిపోర్టు సంతకానికి వస్తే, కారణం తేలేదాకా పెట్టనని తిప్పి పంపారట. "మిల్లు నడిపినప్పటి నుంచి ప్రతి శాంపిల్లోనూ ఒకే లెక్కన తగ్గుతోందండీ. మనిషి తప్పు ఇంత నికరంగా ఉండదు" అన్నారు.

ఆ మాటతో నాకు కదలిక వచ్చింది. బెల్టు మీది రాయిని మిల్లులోకి పోనివ్వకుండా లారీలోకి మళ్ళించి కాటాకి పంపాను. ప్యానెల్ చెప్పిన బరువు కన్నా కాటా బరువు తక్కువొచ్చింది. అంటే మెమరీలో సరైన అంకె ఉన్నా, పెట్టె దాన్ని చదవటం లేదు. మరి ఎవరి మాట వింటోంది?

గాజు తలుపు తీశాను. చక్రాల సందుల్లో కుంకుమ. మొదటి చక్రం ఒక అంకె ముందుకు తిరిగి ఉంది. మా అంకె ఒకటికి కాస్త తక్కువ, చక్రాలు నిండు ఒకటి చూపిస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కరెంటు వచ్చిన ప్రతిసారీ పెట్టె ముందు చూసేది చక్రాలనే. అక్కడ సున్నాలుంటే మెమరీ, అదీ పోతే చిప్పు. ఇంట్లో పెద్దాయన నోరు తెరిస్తే మిగతావాళ్ళు నోరెత్తనట్టు, చక్రాల మీద ఏమున్నా అదే ఖాయం.

మా ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. పూజనాడు ప్యానెళ్ళని తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టేది పైఅధికారే, ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. మేనేజరుగారికి భక్తి మెండు. ఒక్క మూల కూడా వదల్లేదు.

పిల్లి మెడలో గంట కట్టక తప్పింది కాదు. నోటితో చెప్పే ధైర్యం లేక ఆయన్ని పిలుచుకొచ్చి, తలుపు తీసి చూపించి, పెట్టె ఎవరి మాట వింటుందో మాత్రం వివరించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత షిఫ్టు వాళ్ళందరినీ, కోటయ్యనీ అక్కడికే పిలిపించారు.

"కోటయ్యా, ఈ చక్రం తిప్పింది నా చెయ్యి. నిన్ను వీళ్ళందరి ముందూ అన్నాను. వీళ్ళందరి ముందే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నారు.

కోటయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "చక్రం సున్నాకి తిప్పమంటారా సార్?" అని అడిగాడు. తిప్పమన్నారు. కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాం. ఆ తర్వాతి శాంపిళ్ళలో సున్నం దారికొచ్చింది. కోటయ్యకి ఆర్డరు మేనేజరుగారే తన చేత్తో ఇచ్చారు.

తర్వాత నేను కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయాను. అక్కడా ఇదే తంతు. ఒకే విలువ ప్రోగ్రాములో ఒకటి, ఫైల్లో ఒకటి, డేటాబేసులో ఇంకొకటి. కొత్త పని మొదలుపెట్టిన ప్రతిచోటా, వీటిలో ఎవరి మాట చెల్లుతుందో ముందు తేల్చండని నా కింద పనిచేసేవాళ్ళని విసిగించేవాణ్ణి. చాదస్తం అనుకునేవాళ్ళు. అనుకోనీ.

ఆ మేనేజరుగారంటే నాకు గౌరవం. అనసూయగారికి మాత్రం రుణపడి ఉన్నాను. ఆ రోజు ఆవిడ సంతకం పెట్టేసి ఉంటే, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయని నేనూ చేతులు దులుపుకునేవాణ్ణి. ఏ తప్పూ చేయని మనిషి, తన తప్పేమిటో తెలియకుండానే గేటు దాటి వెళ్ళిపోయేవాడు.