కూలర్ ఎవరి దిక్కు

ఆ వేసవిలో నన్ను ఎవరు పలకరించినా ముందు అడిగింది సిస్టం గురించే, అంటే నా కంప్యూటర్ గురించే. మహబూబాబాద్ నుంచి మా ఆయన ఫోన్ చేస్తే "సిస్టం ఎట్లున్నది?" అనేవాడు. జనగామ నుంచి తమ్ముడు చేస్తే "అక్కా, టెంపరేచర్ ఎంత చూపెడ్తున్నది?" అనేవాడు. హైదరాబాద్ ఆఫీసులోని మా సూపర్‌వైజర్‌కైతే అంత ఓపిక కూడా ఉండదు, "సిస్టం ఆన్‌లో ఉందా?" అని ఒక మెసేజ్ పడేస్తుంది. ఇంట్లో బాలింత ఉన్నా ఇంతమంది ఇన్నిసార్లు వాకబు చేయరు.

భూపాలపల్లిలో మాది అద్దె ఇల్లు. ముందు ఒక గది, వెనక వంటగది. ముందు గదిలో ఒక గోడకు మా మామ మంచం, ఎదుటి గోడకు కిటికీ కింద నా కంప్యూటర్ బల్ల. ఆ రెండింటి మధ్య చక్రాల స్టాండు మీద కూలర్. మామ బాయిలో, అంటే బొగ్గు గనిలో, చేసి రిటైరైన మనిషి. అత్త పోయినప్పటి నుంచి మాతోనే ఉంటున్నాడు. ఊపిరి సరిగా ఆడదు. ఎండకూ దుమ్ముకూ దూరంగా ఉంచమని దవాఖానలో చెప్పారు. ఈ ఊళ్లో ఆ రెండూ లేని చోటు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత నల్లగా పడుతుంది దుమ్ము.

మా ఆయన మహబూబాబాద్‌లో ఒక విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. ఆదివారాలు వచ్చిపోతాడు. నేను ఇంట్లోనే కూర్చుని ఆసుపత్రుల బిల్లులు సరిచూస్తాను. తేడా కనబడితే హెడ్‌సెట్ పెట్టుకుని ఆసుపత్రివాళ్లతో మాట్లాడాలి. లారీల మోత వినబడకూడదని రోడ్డు వైపు తలుపు మూసేస్తాను. సీలింగ్ ఫ్యాన్ గరగరమంటుందని దాన్నీ ఆపేస్తాను. డిగ్రీ చదివి, ఏళ్ల తరబడి బియ్యంలో రాళ్లు ఏరిన తర్వాత దొరికిన పని ఇది.

కంప్యూటర్ తమ్ముడు బిగించి ఇచ్చిందే. వాడు జనగామలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ సారు. అక్కడా ఇక్కడా పాత సామాన్లు పోగు చేసి తయారు చేశాడు. దాన్ని ఒడిలో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను. హనుమకొండలో బస్సు మారేటప్పుడు కూడా ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఎండలు ముదరగానే అది ఆగిపోవడం మొదలైంది. చెప్పాపెట్టకుండా తెర నల్లబడేది. కరెంటు పోయిందేమోనని చూస్తే కూలర్ తిరుగుతూనే ఉండేది. రెండోసారి అట్లా జరిగిన రోజున సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టింది. షిఫ్టు మధ్యలో ఇట్లాగే పోతుంటే నా లాగిన్ వేరేవాళ్లకు ఇచ్చేస్తారట. ఒక ఇనుప డబ్బా వేడెక్కి నా ఉద్యోగం ఊడగొడుతుందంటే నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది.

తమ్ముడు ఫోన్లో చెబుతూ నా చేత సిస్టంలోకి వేడి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. తెర మూలన ఒక అంకె కనబడేది. అది తొంభై దాటిందంటే ఇక నా చూపు బిల్లుల మీద నిలిచేది కాదు.

"ప్రాసెసర్ మరీ వేడైతే, కాలిపోకుండ అదే ఆగిపోతదక్కా. దానికి గట్ల పెట్టిండ్రు," అన్నాడు.

దానికైతే ఆ వసతి ఉంది. నాకు ఎవరు పెట్టారు?

వాడు చెప్పినవన్నీ చేశాను. డబ్బా పక్క రేకు ఊడదీశాను. బ్రష్‌తో దుమ్ము దులిపాను. గోడకు ఆనకుండా ముందుకు జరిపాను. అంకె కొంచెం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కేది. లోపలి పేస్టు ఎండిపోయి ఉంటుందని, తానే వచ్చి మారుస్తానని అన్నాడు. కానీ వేసవి సెలవుల్లో వాడికి సెలవులు లేవు, కొత్త పిల్లల్ని చేర్పించడానికి బడివాళ్లు ఇంటింటికీ తిప్పుతున్నారు. "కూలర్ గాలి మాత్రం దానికి పెట్టకు, తడిగాలి మంచిది కాదు," అని చెప్పి పెట్టేశాడు.

ఆ మాట నేను వినలేదు. అంకె ఎక్కుతుంటే కూలర్‌ను సిస్టం వైపు తిప్పేదాన్ని. మామ దగ్గు వినబడితే మళ్లీ మంచం వైపు తిప్పేదాన్ని. ఇంకో కూలర్ పెడదామంటే ఈ ఇంటి వైరింగు తట్టుకోదు, ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకని పొద్దంతా ఆ ఒక్క కూలర్‌ను అటూ ఇటూ నెట్టడమే సరిపోయేది. బిల్లులు చూడ్డం కంటే అదే పెద్ద ఉద్యోగమైంది.

మధ్యాహ్నం మామ అన్నం తిని పడుకోగానే గాలి ఆయన మీదికి పెట్టి గిన్నెలు కడగడానికి వెళ్లేదాన్ని. తిరిగి వచ్చేసరికి కూలర్ నా బల్ల వైపు తిరిగి ఉండేది. మామ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవాడు, బనీను వీపుకు అతుక్కుపోయి.

"ఎందుకు తిప్పినవ్ మామా?"

"నాకు సల్లగనే ఉన్నది బిడ్డా. బాయిల ఉబ్బర ముందట గిదెంత? గాలి గటే ఉండనియ్."

నా ఉద్యోగం పోతుందని ఈయనకు కూడా బెంగ పట్టుకుందని అనుకున్నాను. ఇంటిల్లిపాదీ ఆ డబ్బాకు ఊడిగం చేస్తున్నట్టు అనిపించింది. జాలి, విసుగు కలిసి వచ్చాయి. నిజం చెప్పాలంటే విసుగే ఎక్కువ వచ్చింది.

ఒకరోజు నేను వంటగదిలో ఉండగా టప్‌మని చప్పుడైంది. వచ్చి చూస్తే సిస్టం ఆగిపోయింది. ఈసారి ఎంత నొక్కినా రాలేదు. పైన కిటికీ ఊచలకు తడిపిన గోనెసంచి వేలాడుతోంది. దాని అంచు నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా, నేను రేకు ఊడదీసి పెట్టిన డబ్బాలోకి పడుతున్నాయి. లోపల దుమ్ము, నీళ్లు కలిసి నల్లటి బురద. మామ చేతిలో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కంప్యూటర్ మీద నీళ్లు పోస్తరా ఎవలన్న? జర ఒక్క తాన కూసోరాదా మామా? నా నౌకరి పాయె గిప్పుడు!"

ఆయన గోనెసంచి ఊడదీసి, పిండి, మడిచి, తలకు తువ్వాలు చుట్టుకుని బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆ ఎండలో. కాసేపటికి నేనే వెళ్లి బతిమాలి లోపలికి తీసుకొచ్చాను.

సూపర్‌వైజర్ ఎల్లుండి పొద్దున వరకు గడువిచ్చింది. అప్పటికి లాగిన్ కాకపోతే ఇక కావాల్సిన అవసరం లేదంది. తమ్ముడు బడిలో ఏం అబద్ధం చెప్పాడో గాని మర్నాడు మధ్యాహ్నానికి సంచితో దిగాడు. అన్నీ విప్పి, తుడిచి, ఆరబెట్టాడు. ప్రాసెసర్ మీద అల్యూమినియం రేకల దిమ్మ ఒకటుంటుంది, వేడిని లాగేది అదే. దాన్ని పట్టి ఉంచే నాలుగు పిన్నుల్లో ఒకటి ఊడి ఉంది. దిమ్మ ఒక పక్కకు లేచి, ప్రాసెసర్‌కు సరిగా తగలడమే లేదు.

"బస్సుల కుదుపులకు ఊడినట్టున్నది," అన్నాడు, నా మొహం చూడకుండా.

"నా ఒడిల కుదుపులెక్కడియిరా?"

వాడు టూత్‌పేస్టు లాంటి తెల్లటి ముద్ద పూసి, దిమ్మ పెట్టి, పిన్ను టక్కున నొక్కాడు. సిస్టం ఆన్ అయింది. అంకె యాభై దగ్గర నిలబడింది. గంట చూశాం, కదల్లేదు. బతికానురా దేవుడా అనుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. తగలని దిమ్మ మీద ఎంత గాలి కొట్టినా ఏం లాభం? ఇన్నాళ్లూ ఆ ముసలి మనిషి ఉబ్బరలో పడుకున్నదంతా ఉత్తదే. నేను ఆయన్ను కసిరింది కూడా ఉత్తపుణ్యానికే. చాలా సిగ్గేసింది.

గడువు రోజున పొద్దున్నే లాగిన్ అయ్యాను. మధ్యాహ్నం మామ పడుకోగానే కూలర్‌ను పూర్తిగా ఆయన వైపు తిప్పి చెప్పాను, "సిస్టం బాగైంది మామా. ఇగ దానికి గాలి అక్కర లేదు." ఆయన తలూపాడు. గిన్నెలు కడిగి వచ్చేసరికి కూలర్ మళ్లీ నా బల్ల వైపే ఉంది.

"చెప్పిన కద మామా, సిస్టంకు వద్దని."

మామ మంచం మీద లేచి కూర్చున్నాడు. దగ్గు ఆగేదాకా చెయ్యి పైకెత్తి నన్ను ఆగమన్నాడు.

"సిస్టంకెవలు పెట్టిండ్రు బిడ్డా? నీకు పెట్టిన. తలుపులేసుకొని, పంఖ బందు చేసుకొని, చెవులకు గా డొప్పలు తగిలిచ్చుకొని పొద్దంత చెమటల నానుతున్నవ్. కిటికికెల్లి వడగాలి నీ మొఖం మీదికే కొడ్తున్నది. గోనెసంచి సుత అందుకే కట్టిన. గా డబ్బ మీద పడ్తదనుకోలె."

కొంగుతో మొహం తుడుచుకున్నాను, కొంగు తడిసిపోయింది. చెమటే అనుకోమన్నట్టు అటు తిరిగాను. తర్వాత ఆయన్ను లేపి, మంచాన్ని ఈడ్చుకొచ్చి నా కుర్చీ పక్కన వేశాను. కూలర్‌ను ఇద్దరి మీదా పడేట్టు తిప్పాను. నీ ఫోన్ ముచ్చట్లకు నాకు నిద్ర పట్టదని ఆయన సణిగాడు, సణుగుతూనే నిద్రపోయాడు.

అప్పుడే మహబూబాబాద్ నుంచి ఫోన్ మోగింది.

"సిస్టం ఎట్లున్నది?" అన్నాడు మా ఆయన.

"సిస్టం మంచిగనే ఉన్నది," అన్నాను. "ఇగ నన్నడుగు."