పొడుగు ముక్కు పోస్టుమాన్ అక్క

ఆ రోజుల్లో ఇంగ్లీషు తెలిసినవాడికీ, తెలిసినట్టు కనిపించేవాడికీ లాలాగూడలో మర్యాద ఒక్కటే. నేను రెండో రకం. ఆరో తరగతితో బడి మానేసి రైలు పెట్టెల మరమ్మతు పనిలో చేరినవాణ్ణి. తక్కిన చదువంతా పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీదే సాగింది. (ఇప్పుడు పట్టాలున్నవాళ్లు తెలుగులో ఒక చీటీ రాయలేకపోతున్నారు, అది వేరే మంట.) మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పగానే మా మేస్త్రీ ఇంగ్లీషు పేపరు నా ముందుకు తోసి "పంతులూ, జెర సదువు" అనేవాడు. అందులో రోజూ నాలుగు గడుల బొమ్మల కథ ఒకటి వచ్చేది: ఒక పొడుగు ముక్కు పోస్టుమాన్, వాడి మీదికి గొడుగెత్తి అరిచే ఒక పొడగరి ఆడమనిషి. మాటల్లో సగం నాకు తెలియవు. బొమ్మలు చూసి కథ అల్లేవాణ్ణి. ఆమె రోజూ వాణ్ణి తిట్టేది, తిట్టి గిన్నెడు సూపు పెట్టేది. తిడుతూ కడుపు నింపేది అక్క కాక ఇంకెవరు? తల్లిలేని నన్ను మా అక్క అలాగే పెంచింది. అందుకని ఆమె పోస్టుమాన్ అక్కేనని తేల్చేశాను. రెండేళ్లపాటు మాతో పనిచేసే పన్నెండు మంది ఆ అక్క కోసం అన్నం చల్లారబెట్టుకున్నారు.

అంతలో ఆ బొమ్మల కథతో తీసిన సినిమా సికింద్రాబాదుకు వచ్చింది, ఆదివారం పొద్దుటి ఆట. అప్పటికే పాతది, పైగా నిండా పాటలు. మేస్త్రీ అందర్నీ ఒకే వరసలో కూర్చోబెట్టి, అర్థం చెప్పడానికి నన్ను మధ్యలో వేశాడు. అరగంట ఎలాగో నెట్టుకొచ్చాను. అప్పుడు తెరమీద వాన మొదలైంది. ఆమె గొడుగు విప్పింది. పోస్టుమాన్ దాని కిందికి దూరి, ఆమె నడుం పట్టుకుని పాట అందుకున్నాడు. మా వరసంతా బిగుసుకుపోయింది.

"ఏందిరా గిది? ఆమె అక్కనే గద?" అన్నాడు మేస్త్రీ.

"అక్కనే" అన్నాను. (నిజం చెబితే ఆ పూటతో నా పాండిత్యం సఫా.)

తెరమీద పోస్టుమాన్ ముద్దు కూడా పెట్టాడు.

"థూ! తోబుట్టువుతోని డ్యూయెట్టా! లేవుండ్రిరా, గలీజ్ సినిమా!"

పన్నెండు మందీ లేచి నడిచారు, వెనక నేనూ. బయట మేస్త్రీ నా భుజం తట్టి, "నువ్వు పరేషాన్ గాకు పంతులూ. నీ కథ మంచిగుండె, గీ సినిమావోళ్లే ఖరాబ్ చేసిండ్రు" అన్నాడు. నేనూ కోపం నటించాను. నటించగా నటించగా నిజంగానే వచ్చింది. మర్నాడు డబ్బా విప్పగానే మళ్లీ కథ అడిగాడు. ఆమెను అక్కగానే ఉంచి, కొన్నాళ్లకు ఒక రైలు గార్డుకిచ్చి పెళ్లి చేశాను. అప్పగింతలప్పుడు మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు.

మొన్న అల్వాల్‌లో మా మనవరాలు ఆ సినిమానే ఫోనులో పెట్టింది, కింద తెలుగులో మాటలు పడుతుంటే. ఆమె వాడి పక్కింటి అమ్మాయట, మొదటి పది నిమిషాల్లోనే చెప్పేశారు. (అప్పట్లో ఆ ముక్క నాకు అర్థం కాలేదా, అయినా వదిలేశానా, ఇప్పుడు తేలదు.) ఆనాడు చూడకుండా లేచొచ్చిన సగం చివరికి చూశాను.

"తాతా, వాళ్ల పెళ్లయిపోయింది చూడు!" అంది.

మేస్త్రీ ఉంటే ఇవాళైనా నిజం చెప్పేసేవాణ్ణి అనిపించింది. ఇంతలో పెళ్లి విందులో కూడా ఆమె గొడుగెత్తి వాణ్ణి తిట్టి, సూపు గిన్నె ముందుకు తోసింది.

ఎవరేమన్నా సరే, ఆమె అక్కే.