అందరూ పప్పే తెచ్చిన ఆదివారం

మా సంఘంలో నెలకోసారి, ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంటుంది. ఎవరింట్లో వండింది వాళ్లు తెస్తారు, అందరం చాపల మీద కూర్చుని కలిసి తింటాం. పన్నెండు కుటుంబాల చిన్న సంఘం మాది. అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక సందులో, ఒక బెల్లం వ్యాపారి ఇంటి గోడకి ఆనుకుని ఉంటుంది మా మందిరం.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇంట్లో అజమాయిషీ చేయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టి సంఘానికి సెక్రటరీనయ్యాను. ఎవరు అన్నం తేవాలి, ఎవరు కోడికూర తేవాలి, పెరుగు ఎవరి వంతు అన్నదంతా నేనే రాసి వాట్సాప్‌లో పెట్టేవాణ్ణి. వంకాయ బదులు బెండకాయ తెస్తామన్నా ఒప్పుకునేవాణ్ణి కాదు.

మొన్న వేసవిలో కొత్త పాస్టరుగారు వచ్చారు. వయసులో మా ఆఖరివాడి కంటే చిన్న. ఒక ఆదివారం ప్రసంగం ముగిస్తూ, "ఈసారి విందుకి లిస్టు వద్దు మాస్టారూ. దేవుడు ఎవరి మనసులో ఏది పెడితే వాళ్లు అది తెస్తారు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆవిడ అందరికంటే గట్టిగా అంది.

నాకు ఒళ్లు మండింది. ఆ వారమంతా వంటింటి వైపు తొంగి చూడలేదు. ఆదివారం ఉదయం మా ఆవిడ గుడ్డ కట్టిన గిన్నె చేతికిస్తే, అందులో ఏముందని కూడా అడగకుండా స్కూటరు మీద పెట్టుకున్నాను. ఏదో ఒకటి తక్కువైతే బాగుండునని లోలోపల కోరుకున్నాను. దాన్ని ప్రార్థన అనలేను గానీ, మోకాళ్ల మీద ఉన్నప్పుడే కోరుకున్నాను.

ఆరాధన అయింది. గిన్నెలన్నీ వరసగా బల్ల మీద పెట్టారు. పాస్టరుగారు మొదటి మూత తీశారు. టమాటా పప్పు. రెండోది తోటకూర పప్పు. మూడోది మామిడికాయ పప్పు. తర్వాత దోసకాయ పప్పు, గోంగూర పప్పు, ముద్దపప్పు, మళ్లీ టమాటా. మా ఆవిడ గిన్నెలో కూడా పప్పే. పన్నెండు గిన్నెల్లోనూ పప్పు. ఒక్క మెతుకు అన్నం లేదు.

"అందరూ పప్పే తెచ్చారా?" అన్నారు పాస్టరుగారు నీరసంగా. అంతలోనే తేరుకుని, "చూశారా, దేవుడు అందరితో ఒకే మాట చెప్పాడు" అన్నారు.

"మరి అన్నం మాట ఎవరికి సెప్పేడు బాబూ?" అంది మామ్మ.

మామ్మ మా సంఘంలో అందరికంటే పెద్దది. పూడిమడక నుంచి చేపలు తెచ్చి ఈ ఊళ్లో నలభై ఏళ్లు వీధి వీధీ తిరిగి అమ్మింది. ఇప్పుడు పళ్లన్నీ పోయాయి గానీ గొంతు మాత్రం అప్పటిదే.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "మీకు నవ్వెలాగొత్తందండీ?" అని మా ఆవిడ నా డొక్కలో పొడిచింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. పక్కింటి బెల్లం వ్యాపారి లోపలికొచ్చాడు. ఆయన మా గేటు దాటాడంటే ఒకే ఒక్క కారణం, మైకు సౌండు. నేను ఎదురెళ్లి, "తగ్గించేస్తామండీ" అన్నాను.

"తగ్గించడం కాదు, ముందు ఆపండి. మీ పప్పు సంగతి సందంతా ఇనేసింది" అన్నాడాయన. పాస్టరుగారు మెళ్లో తగిలించుకున్న మైకు తీయడం మర్చిపోయారు. "మా ఆవిడ గుండిగతో ఎసరు పెట్టేసింది. ఎంతమందున్నారో సెప్పండి, బియ్యం పోయాల" అన్నాడు వ్యాపారి.

నేను తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "యాభై మంది" అని మా ఆవిడే చెప్పింది.

అన్నం ఉడకడానికి ముప్పావుగంట పట్టింది. ఆ లోపు పిల్లల ఆకలి మరిపించడానికి పాస్టరుగారు, దేవుడు తమ చేత చేయించిన మంచి గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. ఆటో నడిపే ఆయన భార్య మొహమాటంగా లేచింది. "కిందటి విందులో మామ్మ ఒట్టి మజ్జిగన్నం తినేసి లెగిసిపోయింది. పళ్లు లేవు గదా, కూర నమల్లేదు. ఆవిడ తింటాదని పప్పు సేసేనండి" అంది.

"నేనూ అందుకేనండి" అని వెనక నుంచి ఇంకొకావిడ. తర్వాత ఇంకొకరు. చివరికి మా ఆవిడ కూడా.

ఆరేళ్లు జాబితాలు రాశాను. రోజూ తినేదే కదా, విందులో ఎందుకని పప్పు ఒక్కసారి కూడా రాయలేదు. పైగా మామ్మ పెద్దావిడని ప్రతిసారీ ఆవిడ విస్తట్లో రెండు కోడిముక్కలు ఎక్కువ వేసేవాణ్ణి. మెల్లగా దగ్గరికెళ్లి, "ఆ ముక్కలేం చేసేదానివి మామ్మా?" అని అడిగాను.

"మా ఈది కుక్కకి పట్టుకెల్లేదాన్ని బాబూ. పాపం, అది మీ పేరు సెప్పుకుని ఒళ్లు సేసింది."

ఈసారి నవ్వింది నేను కాదు, మిగతా అందరూ. కాసేపటికి నాకూ నవ్వాగలేదు.

అన్నం తయారైందని గోడ అవతల నుంచి కేక వినబడింది. గుండిగకి ఒక చెవి నేనూ ఒక చెవి బెల్లం వ్యాపారీ పట్టుకుని, చెరో తుండుగుడ్డా అడ్డం పెట్టుకుని సందులోంచి నడిపించుకొచ్చాం. దింపగానే ఆయన వెళ్లబోతుంటే మామ్మ, "ఎక్కడికెల్తావు నాయినా? కూకో. నీ బియ్యం ఎలాగున్నాయో నువ్వు సూసుకోవా?" అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు.

అంత ఆకలి మీద ఎవరికీ ఏమీ గుర్తులేదు. సగం భోజనాలయ్యాక పాస్టరుగారు ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయారు. "అయ్యో, ప్రార్థన చెయ్యలేదు!" అని చెయ్యి అలాగే పైకి పట్టుకుని లేచి నిలబడ్డారు. వేళ్ల నుంచి గోంగూర పప్పు మోచేతి దాకా కారుతోంది.

అందరం తలలు వంచాం. నేను మాత్రం కళ్లు మూసుకోలేదు. ఆటో ఆయన భార్య తన గిన్నె అడుగున మిగిలిన ముద్దపప్పు చప్పుడు కాకుండా మామ్మ విస్తట్లోకి ఒంపుతోంది. బెల్లం వ్యాపారి ఏం చెయ్యాలో తెలీక మమ్మల్ని చూసి చేతులు కట్టుకున్నాడు. మామ్మ ప్రార్థన కోసం ఆగలేదు, కళ్లు గట్టిగా మూసుకుని తింటూనే ఉంది. ఇన్నాళ్లూ ఆ విందుకి దేవుణ్ణి రమ్మని పిలిచేది మేమే అనుకునేవాణ్ణి. ఆయన మా కంటే ముందే వచ్చి కూర్చున్నాడని ఆ రోజు నాకు అనిపించింది.

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. మామ్మ కళ్లు తెరిచి, "మాస్టారూ, ఆ మావిడికాయది ఇంకో గరిటె ఎయ్యి" అంది. లేచి వెళ్లి వేశాను.