ఎనీదక్క మూత తీయనివ్వని గడియారం

ఎనీదక్కతో వేగడమంటే ఆవిడ గడియారంతో వేగడమే. మా ఊరు పినార్ దెల్ రియోలోని చుట్టల ఫ్యాక్టరీలో మేం చుట్టలు చుడుతుంటే ఆవిడ చదివి వినిపిస్తుంది. పొద్దున పేపర్లు, మధ్యాహ్నం నవలలు. హాలు చివర అరుగు మీద మైకు ముందు కూర్చుని చదవడమే ఆవిడ ఉద్యోగం. అంతకుముందు ఆ కుర్చీ వాళ్ళ నాన్న సిల్వీనోది. ఆయన పోయాక చుట్టేవాళ్ళమంతా ఓట్లేసి ఆవిడను కూర్చోబెట్టాం. ఆయన చేతి గడియారం కూడా ఆవిడకే వచ్చింది. పాతకాలపు చుట్టేవాళ్ళు చందాలేసుకుని ఆయనకు కొనిపెట్టిన గడియారం అది.

అదంటే ఆవిడకు ప్రాణం. సాకడం మాత్రం బొత్తిగా చేతకాదు. అద్దం మీద గీతలు పడితే పళ్ళపేస్టు పెట్టి రుద్దుతుంది. సరే, అదొక్కటీ మంచిదే, అద్దం మెరుస్తుంది. వానాకాలం చెమ్మ తగులుతుందని బియ్యం డబ్బాలో దాస్తుంది. తవుడంతా లోపలికి పోతుందక్కా అంటే వినదు. ఆగిపోతే బల్లకేసి తడుతుంది. ఇన్ని చేస్తుంది గానీ వెనక మూత మాత్రం ఎవరినీ తీయనివ్వదు.

"రిపేరువాడికిస్తే పేగులు మార్చేస్తాడే! పైన మా నాన్న గడియారం, లోపల వాడి బావమరిది గడియారం!"

ఆ భయం మా అందరికీ ఉన్నదే. గడియారం ఇచ్చేసి ఇంటికి పోయే అమాయకులు మా ఊళ్ళో లేరు. రిపేరువాడి ఎదురుగా స్టూలు వేసుకుని, పనయ్యేదాకా కన్నార్పకుండా కూర్చుంటాం. ఎనీదక్కకు ఆ స్టూలు మీద కూడా నమ్మకం లేదు. పైగా గొప్పలొకటి. గడియారం ముఖం మీదున్న పేరు చూపించి, స్విట్జర్లాండులో రాజులకు చేసే కంపెనీ అంటుంది. ఆ పేరు మేమెవరం ఎక్కడా వినలేదంటే, మనలాంటివాళ్ళకు వినపడే పేరా అని మూతి తిప్పుతుంది.

చివరికి గడియారం వెనకబడటం మొదలెట్టింది. ఆవిడ దాన్ని చూసే చదువు ఆపుతుంది. మొదట్లో నవల నాలుగు పేజీలు ఎక్కువ వినొచ్చని సంబరపడ్డాం. ఆ తర్వాత భోజనానికి ఎసరొచ్చింది. చదువు మధ్యలో లేవడం మా దగ్గర తప్పు. ఆవిడ ఆపి మేం భోజనాల గదికి వెళ్ళేసరికి పక్క హాలువాళ్ళు తినేసి పోయేవాళ్ళు. మాకు గిన్నె అడుగు మాడే గతి.

చదువు నచ్చితే ఆకు కోసే కత్తులు బల్ల మీద టకటకలాడిస్తాం. నచ్చకపోతే నేల మీద పడేస్తాం. ఆ శుక్రవారం ఎవరో ఒకరు పడేశారు. తర్వాత ఇంకొకరు. చూస్తుండగా హాలంతా కత్తుల చప్పుడే. వాళ్ళ నాన్న బతికుండగా ఎన్నడూ వినని చప్పుడు అది. ఎనీదక్క పుస్తకం మూసేసింది. కార్మిక సంఘం పెద్ద వచ్చి, "మళ్ళీ ఇలాగైతే కొత్త మనిషికి ఓటు పెట్టాల్సొస్తుందమ్మా" అని చెప్పి వెళ్ళాడు.

"నాన్న కుర్చీ పోతుందేమోనే ఓదాలిస్" అంది నాతో.

"కుర్చీ కావాలంటే మూత తీయించు. లేకపోతే రెండూ పోతాయి!" అని కసిరి, చెయ్యి పట్టుకుని రిగొబెర్తో దగ్గరికి లాక్కెళ్ళాను. వీధి వసారాలో బల్ల వేసుకుని కూర్చునే రిపేరువాడు అతను. అక్క స్టూలు అతని మోకాళ్ళకు తగిలేంత దగ్గరికి జరుపుకుంది.

"అమ్మా, గాలైనా ఆడనివ్వండి" అన్నాడతను.

"నీకు గాలెందుకు? చేతులు కనిపించేలా పెట్టు!"

అతను నిట్టూర్చి మూత తీశాడు. భూతద్దంలో యంత్రాన్ని చూసి, అది మంచి స్విస్ యంత్రమేనని, రాజులకు కాదు, పనిచేసుకునేవాళ్ళకు చేసినదని చెప్పాడు. ముఖం మీది పేరు హవానాలో ఒకప్పటి నగల కొట్టుదట. గడియారాలు తెప్పించి తమ పేరు వేసుకుని అమ్మేవాళ్ళట. అక్క నోరు తెరవబోతే నేను తొడ గిల్లాను.

"పేగులు మాత్రం పుట్టుకతో వచ్చినవేనమ్మా. ఎవరూ ఏమీ మార్చలేదు." అంటూ మూత లోపలివైపు చూపించాడు. అంతా సన్నటి గీతలు, అంకెలు. తెరిచి శుభ్రం చేసిన ప్రతి రిపేరువాడూ సూదితో తన గుర్తూ, ఆ ఏడాదీ గీసి మూస్తాడట. "ఇవి మా గురువుగారివి. నేను పని నేర్చుకునే రోజుల్లో మీ నాన్న వచ్చేవారు. కూర్చునేవారు కాదు. ఇచ్చేసి చదవడానికి వెళ్ళిపోయేవారు."

గీతలు సిల్వీనో చనిపోవడానికి ముందటి ఏడాదితో ఆగిపోయాయి. ఆ తర్వాత నూనె ఎండి బంకైంది, ఇరుసులు అరిగిపోయాయి.

"కానీ నాన్నే తెరవొద్దన్నాడు!" అంది అక్క.

"ఎప్పుడు?" అన్నాన్నేను.

"చిన్నప్పుడు... నేను వంటింటి కత్తితో మూత పీకుతుంటే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కత్తి పట్టుకున్న పిల్లకు చెప్పిన మాటక్కా అది! ముసలిదానివయ్యాక కూడా పట్టుకుని వేలాడుతున్నావా?"

ఆవిడ ఆ గీతలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకుంది. "నాన్న అందరినీ నమ్మాడు. నేను దాచి దాచి పాడుచేశాను" అని ఏడ్చేసింది.

బాగవుతుందన్నాడు రిగొబెర్తో. కాకపోతే ఇరుసులు కొత్తగా చెయ్యాలి, కొన్నాళ్ళు తన దగ్గరే ఉండాలి. ఎనీదక్క స్టూలు మీంచి లేచి, "ఉంచుకో నాయనా" అంది.

వీధిలో ఖాళీ మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నడిచింది.

"మార్చేస్తాడంటావా?" అంది మలుపు దగ్గర ఆగి.

నేను విసుగ్గా నోరు తెరిచేలోపే, "మార్చడులే" అని తనే అనేసి ముందుకు నడిచింది.