అమ్మ బాయిలోకి దిగిన ఆదివారం

మా అమ్మకు ఈత రాదు. గోదావరికి స్నానానికి పోతే మోకాళ్ల లోతు దాటి ఒక్క అడుగు వెయ్యదు. ఆ మోకాళ్ల లోతులో కూడా నా జబ్బ గట్టిగా పట్టుకుని "ఇడిసిపెట్టినవో, సూడు నీ సంగతి" అని బెదిరిస్తుంది. అటువంటి మనిషి ఒక ఎండాకాలం సముద్రం అడుగుదాకా పోయింది. అదీ మా క్వార్టర్ ముందుగదిలో, స్టూలు మీద కూర్చుని. ఈ ముచ్చట ఎవరికి చెప్పబోయినా సగంలోనే నాకు నవ్వు ఆగదు, మిగతా సగం చేతులతో సైగలు చేసి చెప్పాల్సిందే.

అప్పుడు నేను గోదావరిఖనిలో డిగ్రీ చదువుతున్నాను. కంప్యూటర్ నేర్చుకుంటే నౌకరీ దొరుకుతుందని బాపు ఒక పాత కంప్యూటర్ కొనిచ్చాడు. నేర్చుకున్నాను, నేర్చుకోకేం! చౌరస్తాలో నెట్ షాపు నడిపే అన్న దగ్గర ఒక ఆట సీడీ తెచ్చి వేసుకున్నాను. ఆ ఆటలో ఒక పెద్ద ఊరు, ఊరి చుట్టూ సముద్రం. ఫలానా దారినే పోవాలని లేదు, బుద్ధి పుట్టిన దిక్కుకు పోవచ్చు. నా బుద్ధి ఎటు పుట్టిందో గానీ, కారు తోలుతూ తోలుతూ వంతెన మీది నుంచి సముద్రంలో పడ్డాను. అయిపోయింది, చచ్చాననుకున్నాను. చావలేదు! నా మనిషి కారు తలుపు తీసుకుని బయటికొచ్చి ఈత కొడుతున్నాడు. ఒక మీట నొక్కితే బుడుంగుమని మునిగాడు. కింద పచ్చటి నాచు, చేపలు, విరిగిపోయిన ఓడ, ఇంకా కిందికి పోతే రాళ్లలో ఒక సొరంగం. "అమ్మా, జల్ది రా!" అని ఇల్లెగిరిపోయేలా కేక పెట్టాను.

అమ్మ జొన్నపిండి చేతులతోనే ఉరికొచ్చింది. చేపల్ని చూడలేదు, ఓడను చూడలేదు. సొరంగం నోటినే చూస్తూ నిలబడింది.

"గా లోపలికి ఆడోళ్లు పోవచ్చునా?" అని అడిగింది.

"ఆటల ఎవ్వలన్న పోవచ్చమ్మా."

"గట్లనా! జరుగు మరి."

ఆమె ఎందుకలా అడిగిందో నాకు తెలుసు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాపు ఆ బాయి లోపల పంపు నడుపుతాడు, ఊరే నీళ్లను పైకి తోడటం ఆయన డ్యూటీ. ఆడవాళ్లు బాయిలోకి దిగకూడదని రూలు. పెళ్లయిన నాటి నుంచి అమ్మకు ఒకటే కోరిక, ఆయన రోజూ దిగే జాగా ఎట్లుంటుందో ఒక్కసారి చూడాలని. చూడటం కుదరదు కనుక చెప్పమని అడిగేది. "ఏముంటది, చీకటుంటది" అని బాపు తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి పోయేవాడు. మా క్వార్టర్ల లైన్లో మొగవాళ్లందరూ అంతే, బాయి ముచ్చట ఇంట్లో ఎత్తరు. "గీ బొగ్గుకు తెల్సినంత సుత నాకు తెల్వదు నీ సంగతి" అని అమ్మ ఆయన బట్టల మురికినీళ్లు పారబోస్తూ గొణిగేది.

ఇక చూడండి అమ్మ ఈత! తెర మూలన ఊపిరి గీత ఒకటి ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపూ అది తరుగుతుంది, అయిపోతే మనిషి చస్తాడు. అమ్మ ఆ మనిషిని ముంచగానే తానూ బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టేది. ఎడమకు తిప్పాలంటే స్టూలుతో సహా ఎడమకు ఒరిగేది. మొహం టమాటలా ఎర్రబడేది, అయినా వదిలేది కాదు. "అమ్మా, ఊపిరి నువ్వు తీస్కోవచ్చే!" అని నేను మొత్తుకుంటే కళ్లతోనే కసిరేది. ఆమెను చూసి చూసి నేనూ బిగబట్టడం మొదలుపెట్టాను. పక్కింటి అక్క చక్కెర కోసం వచ్చి, మా ఇద్దరి బుగ్గలూ చూసి, గిన్నె మరిచిపోయి పోయింది.

ఒకరోజు బాపు డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ సొరంగం నోట్లో ఉంది. బాపు టిఫిన్ డబ్బా చేతిలోనే ఉంచుకుని తెరకేసి చూశాడు. సొరంగం నిండా నీళ్లు. ఆయనకు నిజంగానే కోపమొచ్చింది.

"ఎవడున్నడు డ్యూటీల? పంపెందుకు బంద్ పెట్టిండ్రు?"

"సముద్రమయ్యా అది!" అంది అమ్మ.

"సముద్రమైతేంది? నీళ్లు తోడే ఉపాయం లేనోడు సొరంగమెందుకు తవ్విండు?"

ఆ పూటంతా ఆయన కీబోర్డు గుంజుకుని సముద్రంలో పంపు కోసం వెతికాడు. నేనూ అమ్మా ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. దొరకలేదని తేలాక "గీ కంపెనీ దివాలా తీస్తది" అని తీర్పు చెప్పి అన్నానికి లేచాడు.

ఆదివారం మధ్యాహ్నం కూరన్నం తిన్నాక అమ్మ మళ్లీ స్టూలెక్కింది. బాపు మంచం మీద నుంచి చూస్తూ చూస్తూ ఆగలేకపోయాడు. కుర్చీ లాక్కుని పక్కన చేరాడు. "లోపలికి ఒంటిగ పోవద్దు, ఇద్దరు పోవాలె. గాలి సగమైంది అనంగనే మళ్లాలె. ముందుగాల రూఫ్ కొట్టి సూడు" అన్నాడు. బాయిలో పైకప్పును కట్టెతో తట్టి చూస్తారు, ఖంగుమంటే గట్టిది, లేకపోతే కూలేది. ఆయన చెప్పినట్టే అమ్మ ఆటలోని మనిషి కత్తితో సొరంగం కప్పు మీద పొడిచింది. సప్పుడు రాలేదు. "జరుగు, జరుగు, అక్కడ నిలబడకు!" అని బాపు అమ్మ భుజం పట్టి గుంజాడు. అమ్మ స్టూలు మీద నుంచి నిజంగానే జరిగింది! నేను నేల మీద పడి దొర్లాను.

లోపల సొరంగం వెడల్పయింది. అమ్మ మనిషిని ఆపింది.

"గిప్పుడు చెప్పు. నీ బాయి గిట్లనే ఉంటదా?"

బాపు తెర మీదికి వంగాడు. "నీళ్లు లేవనుకో. నీళ్లన్ని నేను తోడేసిన అనుకో. గిట్లనే ఉంటది. కుడికి తిరుగు. ఆఁ, గిక్కడ మేం సద్ది తింటం. ఎలుకలస్తయ్, వాటికి ఇంత ఏస్తం."

"ఎలుకలకా? నా పచ్చిపులుసు అన్నం ఎలుకలకేస్తున్నవా!"

"మంచిగ తింటయే. గా మూలకు నా పంపు."

"నువ్వెక్కడ కూసుంటవ్?"

బాపు తెర మీద వేలు పెట్టాడు. అమ్మ మనిషిని మెల్లగా ఈదించి సరిగ్గా ఆ వేలి కిందికి తెచ్చి నిలబెట్టింది. ఊపిరి గీత సగం దాటిపోయింది. మళ్లమని చెప్పాల్సిన బాపు చెప్పలేదు.

"ఒక్కనివేనా? భయమైతదా?"

ఏదో జోకు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

"అయితది," అన్నాడు. "రోజు అయితది. పైకొచ్చి నీ మొకం సూస్తె పోతది. గందుకే నేను ఇంట్ల ఆ ముచ్చట తియ్య."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం ఆయన వీపు మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. "ఇన్నేండ్లు కడుపుల పెట్టుకోని తిరిగినవా, నీ పాడుగాను!" అని తిట్టింది, తిడుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. బాపు కూడా వీపు రుద్దుకుంటూ నవ్వాడు. తెర మీద ఊపిరి గీత ఎప్పుడయిపోయిందో మేమెవ్వరం చూడలేదు. మనిషి బాపు చూపించిన జాగాలోనే చచ్చి తేలుతున్నాడు.

అమ్మ అది చూసి గబగబా కొంగుతో కళ్లు తుడుచుకుని స్టూలు ముందుకు జరుపుకుంది.

"మళ్ల పెట్టు బిడ్డా. గీసారి ఈయనను పైకి సుత తీసుకరావాలె."