అట్లకాడ కట్టిన చెయ్యి

మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు రెండేళ్లపాటు నా నోటితోనే మాట్లాడుకున్నారు. పెద్దవాడు మా ఆయన, చిన్నవాడు మా మరిది. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. వాడికి పచ్చడి కావాలేమో అడుగు అని మా ఆయన నాతో అనేవాడు. అన్నకు ఇంకో రొట్టె వెయ్యనా అడుగు వదినా అని మరిది నాతోనే అనేవాడు. పచ్చడి గిన్నే, రొట్టెల డబ్బా వాళ్లిద్దరి మధ్యనే ఉండేవి. పొద్దంతా ఆఫీసులో జర్మన్ వాళ్ల మాటలు పట్టుకోవడానికి తంటాలు పడి, ఇంటికొచ్చి ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి దుబాసీ పని చెయ్యాలంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది.

ఇంతకీ గొడవ దేని గురించి అంటే, మా మరిది కుడి మోచెయ్యి గురించి. నవ్వకండి.

మేముండేది జర్మనీలో, వోల్ఫ్స్‌బర్గ్‌లో. కార్ల ఊరు. మా ఆయనా నేనూ కార్లలో పెట్టే సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతుకుతున్నాం. మరిది కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ ముగించాడు. ఇక్కడే ఉద్యోగం వచ్చింది. ఇల్లు దొరికేదాకా ఉంటానని మా దగ్గరికి వచ్చాడు. ఈ దేశంలో ఇల్లు దొరికేదాకా అంటే ఎంత కాలమో ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంకా మా దగ్గరే ఉన్నాడు.

ఇక్కడి తెలుగువాళ్లకు ఒక క్రికెట్ టీము ఉంది. దానికి మా ఆయన కెప్టెన్. ఆఫీసు మీటింగుల్లో నోరు విప్పని మనిషి గ్రౌండులో పదిమందిని అటు జరుగు, ఇటు జరుగు అంటాడు. ఆ హోదా అంటే ప్రాణం. తమ్ముడు వచ్చిన మొదటి వేసవిలోనే బంతి చేతికిచ్చాడు. ఆ వేగం చూసి మావాళ్లందరూ నోరెళ్లబెట్టారు. తర్వాత బ్రెమెన్ నుంచి ఇంకో తెలుగు టీము మ్యాచ్‌కు వచ్చింది. వాళ్లు ఒక్క ఓవర్ చూసి గోల మొదలుపెట్టారు. చెయ్యి వంచుతున్నాడు, అది బౌలింగ్ కాదు త్రో అని. క్రికెట్‌లో బౌలరు మోచెయ్యి వంచి విసిరితే తప్పు. అందులోనూ మామూలు తప్పు కాదు, మోసం కింద లెక్క. అంపైరు నో బాల్ ఇచ్చాడు. మళ్లీ ఇచ్చాడు. ఇంకోసారి ఇచ్చేసరికి మా ఆయన గబగబా నడిచివెళ్లి, రెండు టీములూ చూస్తుండగా తమ్ముడి చేతిలోంచి బంతి లాక్కున్నాడు.

"నా పరువు తీసినవ్. నువ్వింక బంతి పట్టకు," అన్నాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇంటికొచ్చాక ఆ చెయ్యిని బాగుచేసే పని పెట్టుకున్నాడు. నా స్టీలు అట్లకాడ తీసుకుని, మరిది మోచేతికి ఆనించి, నా పాత చున్నీతో బిగించి కట్టి, బాల్కనీలో నిలబెట్టి గోడకు బంతులు వేయించేవాడు. చెయ్యి వంగిందంటే అట్లకాడ గుచ్చుకోవాలి. వెనకే నిలబడి "సక్కగ, చెయ్యి సక్కగ" అని ఒకటే పాట. ఆదివారం పూట ఏమిటీ చప్పుడని కింది అంతస్తు ముసలావిడ వచ్చి బెల్లు కొట్టేది. సంజాయిషీ చెప్పుకోవడం నా వంతు. అట్లకాడ కట్టుకున్న మనిషిని వెనక పెట్టుకుని, నా వచ్చీరాని జర్మన్‌లో ఆవిడకు ఏమని చెప్పను? దోసెలు పోద్దామంటే అట్లకాడ ఉండదు. అడిగితే ఇంకో పది బంతులు అనేవాడు మా ఆయన. మరిది పెద్ద చదువు చదువుకున్నవాడు, ఉద్యోగం చేసుకుంటున్నవాడు, అయినా అన్న అంటే భయం, కిక్కురుమనకుండా కట్టించుకునేవాడు. దాంతో చెయ్యి తిన్నగా అయితే అయింది గానీ బంతిలో ఉన్న వేగం కాస్తా పోయింది. చివరికి మా ఆయనే విసిగిపోయి, నీతోని కాదు, బౌండరీ కాడ నిలబడి బంతులు ఏరుకో పో అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మా టైము అయిపోగానే ఆ గ్రౌండు బేస్‌బాల్ క్లబ్బు వాళ్లది. ఇక్కడ టైమంటే టైమే కాబట్టి వాళ్లు ముందే వచ్చి గీత అవతల నిలబడేవాళ్లు. ఒక సాయంత్రం మరిది బౌండరీ దగ్గర బంతి ఆపి విసిరాడు. ఏరుకున్న బంతిని ఎలా విసిరినా ఎవరూ ఏమనరు కదా, చెయ్యి దాని ఇష్టప్రకారం వంగింది. బంతి నేలకు తగలకుండా వచ్చి వికెట్లు ఎగరగొట్టింది. బేస్‌బాల్ కోచ్ ఒక బడిలో వ్యాయామం టీచరు, మాటలు తక్కువ మనిషి. తిన్నగా మావాడి దగ్గరికి వెళ్లి ఇంకోసారి విసురు అన్నాడు. ఆ తర్వాత తన గ్లవ్ తెచ్చుకుని ఎదురుగా నిలబడి మళ్లీ విసురు అన్నాడు.

ఆ ఆటలో బంతి వేసేవాణ్ని పిచర్ అంటారు. వాడు చెయ్యి వంచి విసరాల్సిందే. ఆ సంగతి తెలిసిన రోజు మరిది వంటింట్లోకి వచ్చి నిలబడి, "వదినా, నా చెయ్యి మంచిదేనంట," అన్నాడు. వెళ్లి ఆ ముక్క మీ అన్నకు చెప్పు అన్నాను. చెప్పలేదు. నేనే చెప్పాను. త్రో బౌలింగ్‌కు గూడ ఒక ఆట పెట్టిన్రా అని మా ఆయన టీవీ సౌండు పెంచుకున్నాడు.

మరిది ఆ క్లబ్బులో చేరాడు. ఇక నా ఆదివారాల సంగతి చెప్తాను, వాళ్ల మ్యాచ్‌లన్నీ ఆ రోజే. మరిదికి ఇక్కడి లైసెన్సు లేదు. రాత పరీక్ష పాసయ్యాడు గానీ బండి నడిపి చూపించే పరీక్షకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకదు. ఆదివారం బస్సులు అంతంతమాత్రం. అన్న తీసుకెళ్లడు. ఇంకెవరు మిగిలారు? పులిహోర డబ్బా, మడత కుర్చీ, గొడుగు, దుప్పటి కారులో పడేసుకుని నేను బయల్దేరేదాన్ని. పోనీ అంత దూరం వెళితే ఆడతాడా అంటే, ఆడడు. మావాడు రిలీఫ్ పిచర్. మొదటినుంచీ బంతులు వేసేవాడు వేరే ఉంటాడు. అతని చెయ్యి అలిసిపోతే, లేదా అతన్ని అవతలివాళ్లు చితక్కొడుతుంటే, ఆట చివర్లో మావాణ్ని పిలుస్తారు. అంతవరకు బెంచీ మీదే. అతని చెయ్యి అలిసిపోలేదనుకోండి, మావాడు బ్యాగు సర్దుకుంటాడు, నేను కుర్చీ మడుస్తాను, అంతే. చలిగాలికి ముక్కు కారుతూ, చినుకుల్లో తడుస్తూ, ముక్కూ మొహం తెలియనివాళ్ల ఆట చూసి ఇంటికొచ్చిన ఆదివారాలు ఎన్నో. ఎందుకయ్యా నాకీ శిక్ష అంటే, పిలిస్తే ఉండాలె కద వదినా అంటాడు నెమ్మదిగా. ఆ నెమ్మది చూస్తే ఒళ్లు ఇంకా మండేది.

కానీ పిలిచినప్పుడు మాత్రం, నిజం చెప్పుకోవాలి, చూడాల్సిందే. బంతి ఎప్పుడు చెయ్యి దాటిందో కనిపించదు, గ్లవ్‌లో పడ్డ చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మూడో టీములో మొదలుపెట్టినవాణ్ని ఒక్క సీజనులో రెండో టీముకు తీసుకున్నారు. మరుసటి ఏడాది వేసవి చివర్లో కోచ్ వాణ్ని పిలిచి, ఇంకొక్క మ్యాచ్ చూస్తానన్నాడు. అందులో చివర్లో వచ్చి నిలబడితే మొదటి టీము. నిలబడకపోతే ఇక్కడే. ఆ టీము పెద్ద పెద్ద ఊళ్లకు వెళ్లి ఆడుతుంది. మావాడు ఆ వారమంతా అన్నం కెలికి లేచాడు.

మా ఆయనకు పట్టలేదనుకుంటున్నారా? ప్రతి ఆదివారం మేం గుమ్మంలోకి రాగానే ఫ్రిజ్ తెరిచి, తల లోపల పెట్టి, ఎట్లయిందట అని అడిగేవాడు. నన్ను అడుగుతున్నాడో పెరుగు గిన్నెను అడుగుతున్నాడో తెలిసేది కాదు. నువ్వే వచ్చి చూడరాదా అంటే ఆ ఆట మనకు తెల్వదు అనేవాడు. చూడాలని ఉంది, చెప్పడానికి నోరు రాదు. ఇద్దరూ ఇద్దరే.

సరిగ్గా ఆ శనివారం, కారులోంచి మడత కుర్చీ తీస్తుంటే నాకు నడుము పట్టేసింది. రేపు బండి నువ్వు నడుపుతున్నావని మా ఆయనకు చెప్పాను. ఏదో నసిగాడు. తమ్ముడు నీకా నాకా అన్నాను. కారు తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. కాసేపటికి మరిది మెల్లగా వంటింట్లోకి వచ్చాడు.

"అన్నను తీస్కరాకు వదినా," అన్నాడు. "ఆయనుంటె నా చెయ్యి నా మాట వినది."

రెండేళ్ల విసుగంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. అయితే నడిచి వెళ్లు నాయనా, పులిహోర డబ్బా కూడా నువ్వే మోసుకుపో అన్నాను. వచ్చినంత మెల్లగా వెళ్లిపోయాడు.

దారంతా కారులో మాటల్లేవు. అక్కడికి చేరాక మా ఆయన కారు దిగనన్నాడు. పార్కింగులోనే కూర్చుని ఫోనులో క్రికెట్ పెట్టుకున్నాడు. అది చూసి మావాడి ముఖంలోకి కాస్త నెత్తురొచ్చింది. నేను నడుముకు దుప్పటి చుట్టుకుని, బంతి బయటికి రాకుండా కట్టిన వల పక్కన కూర్చున్నాను. ఆట ఎప్పటిలాగే సాగింది, సాగుతూనే ఉంది. ఆఖరి వంతు వచ్చేసరికి మావాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. మొదటి పిచర్ భుజం పట్టుకుని దిగిపోయాడు. కోచ్ బెంచీ వైపు చూసి మావాణ్ని పిలిచాడు. ముగ్గుర్ని అవుట్ చేస్తే ఆట అయిపోతుంది, మావాడు మొదటి టీములోకి వెళ్లిపోతాడు.

మొదటివాణ్ని మూడే బంతుల్లో పంపించాడు. కొట్టడానికి వచ్చినవాడు బ్యాటు ఊపి గాలిని కొట్టి వెళ్లిపోయాడు. నేను నడుము సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాను. పక్కన ఎవరో నిలబడినట్టయితే తల తిప్పి చూశాను. మా ఆయన. చేతులు జాకెట్ జేబుల్లో పెట్టుకుని, వల దగ్గర.

మావాడూ చూశాడు.

తర్వాతి బంతి పక్కకు పోయింది. దాని తర్వాతిదీ అంతే. నాలుగు బంతులు అలా బయట పడితే కొట్టేవాడికి ఊరికే ఒక బేస్, అంటే పరుగు దారిలో ఒక మెట్టు, ఇచ్చేస్తారు. ఇచ్చారు. ఇంకొకడు వచ్చాడు, వాడికీ ఇచ్చారు. ఆ తర్వాతివాడికీ ఇచ్చారు. మూడు బేసుల మీదా ముగ్గురు నిలబడ్డారు. ఇంకొకడికి అలా ఇస్తే వాళ్లకో పరుగు వచ్చి మా ముందంజ పోయినట్టే. కోచ్ వెళ్లి మావాడి మోచెయ్యి తట్టి ఏదో చెప్పి వచ్చాడు. మావాడు తల ఊపాడు. కోచ్ బెంచీలో ఇంకో కుర్రాణ్ని లేచి చెయ్యి ఆడించుకొమ్మన్నాడు. అంటే మావాణ్ని దింపేస్తారన్నమాట. తర్వాతి బంతి వేసేటప్పుడు నేను వాడి చేతినే చూశాను. కర్రలా నిటారుగా ఉంది. ఆ చెయ్యి నాకు తెలుసు, నా బాల్కనీలో రోజూ చూసిన చెయ్యే.

"ఆ చెయ్యి చూడు," అన్నాను మా ఆయనతో. "నువ్వు కట్టిన అట్లకాడ ఇంకా విప్పలేదు."

నేనేమన్న, నేను ఊకెనే నిలబడ్డ కద అన్నాడు. నువ్వలా నిలబడ్డందుకే వాడి చెయ్యి అలా అయింది అన్నాను. మావాడు ఇంకో బంతి వేశాడు, అదీ బయటికే. వేసి, కోచ్ వైపు చూడకుండా మా వైపు చూశాడు. చిన్నపిల్లలు చెయ్యి చాచి దెబ్బకు సిద్ధపడతారే, అలా చూశాడు. మా ఆయన జేబుల్లోంచి చేతులు తీశాడు. వలలో వేళ్లు దూర్చి పట్టుకున్నాడు.

"వంచురా," అన్నాడు. అది నాకే సరిగా వినిపించలేదు. గొంతు సవరించుకుని గట్టిగా అరిచాడు. "చెయ్యి వంచురా చిన్నా. వంచి కొట్టు. నేనే చెప్తున్న."

గ్రౌండులో ఉన్నవాళ్లందరూ మా వైపు తిరిగారు. కాఫీ, కేకు అమ్ముతున్న ఆవిడ కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మావాడు టోపీ తీసి, ముఖం తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత బంతి కనిపించలేదు, చప్పుడే వినిపించింది. వరసగా మూడుసార్లు వినిపించింది, కొట్టేవాడు అవుటై వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాడు ఎలాగో తగిలించాడు గానీ అది పైకి లేచింది. మావాడే రెండడుగులు వెనక్కి వేసి పట్టుకున్నాడు. ముగ్గురూ అవుట్, గెలిచాం.

కోచ్ వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసి, మొదటి టీము ట్రైనింగు మంగళవారం అన్నాడు, అంతే. మావాడు సరేనని తల ఊపి, తిన్నగా వల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య వల. ఎవరు ముందు నోరు విప్పుతారా అని నేను చూస్తున్నాను.

"ఆ దినం బంతి గుంజుకున్న," అన్నాడు మా ఆయన. "గుంజుకోవద్దుండె."

మావాడు పర్లేదన్నా అనలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "మస్తు నొచ్చింది అన్నా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏమైందని ఇద్దరూ నన్ను అడిగితే నడుము నొప్పి అన్నాను. రెండేళ్లు నా నోటితో పచ్చడి అడిగినవాళ్లు, ఈ రెండు మాటలు మాత్రం సొంత నోటితో అనుకున్నారు.

తిరుగు దారిలో ముందు సీట్లో ఇద్దరూ, వెనక నేనూ, మడత కుర్చీ. ఆ మూడోవాడికి అంత బయటికి ఎందుకేసినవ్ అని మా ఆయన మొదలుపెట్టాడు. నువ్వు కనబడ్డవ్ గద అని మావాడు. కాలు సరిగ్గ పడుతలేదు అని అన్న, ఆ ఆటలో అట్లనే పడాలె నీకు తెల్వది అని తమ్ముడు. ఊరు దగ్గరపడుతున్నా ఆపలేదు. కాసేపు నోరు ముయ్యండి, నడుం లాగేస్తోంది అని అరిచాను. ఇద్దరూ వినిపించుకోలేదు.