దవాఖానల కట్టిన రాఖీ

పెద్ద దవాఖాన ఎమర్జెన్సీల నేను అడుగు పెడితే డాక్టర్లు కుర్చీలకెంచి లేచి నిలవడుతరు. గంత మర్యాద ఎమ్మెల్యేకు సుత దొరుకది.

లేచుడు నిజమే. ఎందుకు లేస్తరో తర్వాత చెప్త.

నాది సిరిసిల్ల. సాంచెల మీద బట్ట నేసి బతికినోన్ని. దూది దుమ్ముకు దగ్గు వట్టుకున్నంక సేటు రావద్దన్నడు, ఎనుకనే కిరాయింటోడు ఉండద్దన్నడు. ఇప్పుడు కోరుట్ల బస్టాండే నా ఇల్లు. ఆడ తరిమితే జగిత్యాల బస్టాండు. రెండు బంగ్లాలున్నోన్ని.

నా పక్క సిమెంటు బల్ల మీద బుగ్గారం ఊరి చెల్లె ఉంటది. బీడీలు చుట్టి చుట్టి నడుము వంగిన మనిషి. తోడవుట్టినామె కాదు, ఒక్క తావున పండుకుంటం గనుక చెల్లె. ఆమెకు షుగరు. మొన్న వానకాలం బొటనవేలు కాడ పుండైంది. తెగిన కాడ తంబాకు అద్దుడు మాకు చిన్నప్పటిసంది ఎరుకే. ఆమె సంచిల మిగిలిన బీడీ తంబాకు పుండుల కూరి గుడ్డ చుట్టిన. ఆ గుడ్డ కిందనే వేలు నల్లవడ్డది.

ఇగ ఆమెను భుజాన ఎత్తుకొని పెద్ద దవాఖాన దాక నడిచిన. సరె, నడవలే, బస్సెక్కినం. భుజాన సుత ఎత్తుకోలే, చెయ్యి పట్టుకున్న. ఎవరు ఎవరిని పట్టుకున్నరో నా దగ్గుల ఎరుక కాలే.

మేం లోపలికి పోంగనే డ్యూటీ డాక్టరమ్మ లేచి నిలవడ్డది. మర్యాదకు కాదు. అంతకుముందు నేను దగ్గుకని పోయి ఆడనే పండుకున్న. గా ముసలోడే మళ్ల అచ్చిండని గుర్తువట్టి, బయటికి తోలుదామని లేచింది.

"ఇదేమన్న సత్రమనుకున్నవా తాతా?"

"సత్రమైతె అన్నం పెడుతుండ్రి బిడ్డా."

నవ్వింది గని, గుడ్డ ఇప్పంగనే ఆ నవ్వు ఆగింది. ఇయ్యాల్నే కోసి కడుగాలె, వార్డుల ఉంచాలె, లేకుంటె పాదమే దక్కదన్నది. అయితే వార్డుల ఉంచాల్నంటె వెంబడి ఇంటి మనిషి ఉండాలె. మందులు తెచ్చేటందుకు, ఆమెను లేపి కూసోవెట్టేటందుకు. మనిషి లేకుంటె కట్టు కట్టి పంపుడేనట.

గీ ముచ్చట మాకు కొత్త కాదు. ఊకూకె ఎమర్జెన్సీకే ఉరికస్తరని మమ్ముల అంటరు. పొద్దుగాల ఓపీ లైన్ల నిలవడితె మా మూటలు ఎవలు కాస్తరు? వార్డుకు పోదామంటె ఇంటి మనిషిని ఏడికెంచి తెస్తం, ఇల్లే లేకపాయె. ఎన్నడూ మూయని తలుపు మాకు గదొక్కటే. అందుకే అస్తం. తిట్టినా అస్తం. రేపు సుత అస్తం.

ఆమెకు నువ్వేమైతవని నర్సమ్మ అడిగింది. సొంత అన్ననని చెప్పిన. పుట్టింటి ఇంటిపేరేందంటె నేనొకటి చెప్పిన, చెల్లె ఇంకోటి చెప్పింది. నర్సమ్మ చేతులు కట్టుకొని నిలవడ్డది. నాకు మందుల వాసనకు కండ్లు తిరుగుతయి గనుక, గాలికని జెరంత తలుపు దిక్కు జరిగిన.

గప్పుడు చెల్లె నన్ను మంచం కాడికి గుంజి, ట్రేల ఉన్న కట్టు గుడ్డ ముక్క తీసుకొని నా ముంజేతికి రాఖీ కట్టింది. అందరు చూస్తనే ఉన్నరు. డాక్టరమ్మ ముడి దిక్కు చూసి, ఇంటి మనిషి ఉన్నడు, లోపలికి తీస్కపోండ్రి అన్నది. గా ముడి పడ్డంక నేను మంచం ఇడిచి కదల్లే. వేలు పోయింది. పాదం దక్కింది.

గీ కథ బస్టాండుల ఎవలు కూసున్నా చెప్త. రాఖీ కాడికి రాంగనే మొగోళ్లు సుత కండ్లు తుడుసుకుంటరు. మొన్న చెప్తుంటె చెల్లె పక్క బల్ల మీద కాలు సాపుకొని ఇంటున్నది. ఆఖరికి నోరు ఇప్పింది.

"రాఖీ లేదు, ఏం లేదు. తలుపు దిక్కు జరుగుతున్నవని నీ చెయ్యి మంచం ఊచకు కట్టేసిన. నువ్వు ఉరికితె నా కాలు పోతుండె."